ఫ్లష్ చేస్తే డేటా డిస్క్‌లో భద్రం అని మా డాక్యుమెంట్‌లో ఉంది. ఎలా సరిదిద్దాలి?

గోదారిగట్టు

మా ఆఫీసులో సీ భాషలో రాసుకున్న చిన్న లైబ్రరీ ఒకటి ఉంది. స్టాండర్డ్ ఐఓ, అంటే ఫైళ్లు చదవడానికి, రాయడానికి సీతో వచ్చే ఫంక్షన్ల మీద పలచని తొడుగు లాంటిది. ఫైల్ తెరవడం, లైన్ రాయడం, ఫ్లష్ చేయడం (బఫర్‌లో, అంటే డేటా తాత్కాలికంగా పోగయ్యే మెమరీలో ఉన్నది బయటికి పంపడం), మూయడం, అంతే. పదేళ్ల కిందట ఎవరో రాసిన 11 పేజీల డాక్యుమెంట్ దానికి తోడు. అందులో ఫ్లష్ దగ్గర ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు ఇది: "ఈ ఫంక్షన్ పూర్తయ్యాక డేటా డిస్క్‌లో భద్రంగా ఉంటుంది."

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మా ప్రోగ్రాం సెకనుకు ఒకసారి గది ఉష్ణోగ్రత రాస్తుంది. రాసిన ప్రతిసారీ ఫ్లష్ చేస్తుంది. పోయిన నెల కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, మెషీన్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి చూస్తే చివరి 27 రీడింగులు లేవు. వాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ 27 సెకన్లే. కంప్రెసర్ కరెంటు పోకముందే ఆగిందా, పోయాక ఆగిందా అన్నది అక్కడే తేలాలి. మా సపోర్ట్ వాళ్లు డాక్యుమెంట్ తీసి చూసి, "మేం ఫ్లష్ చేశాం, తప్పు మీ హార్డ్ డిస్క్‌ది" అని చెప్పేశారు. పాపం వాళ్లు డిస్క్ మార్పించారు. మొన్న మళ్లీ అదే జరిగింది.

ఇప్పుడు డాక్యుమెంట్ సరిచేసే పని నాకు అప్పజెప్పారు. ఆ ఒక్క వాక్యం తీసేస్తే చాలని టీమ్ లీడ్ అంటున్నారు. మిగతా పేజీలు చదువుతుంటే నాకు టెన్షన్ పెరుగుతోంది. "క్లోజ్ ఎప్పుడూ విఫలం కాదు" అని ఒకచోట, "బఫర్ 8,192 బైట్లు, కావాలంటే సైజు ఇచ్చి పెంచుకోవచ్చు" అని ఇంకోచోట. ఫైల్ చదివే ఉదాహరణలో, ఫైల్ అయిపోయిందా అని అడిగే ఎఫ్‌ఈఓఎఫ్‌తో లూపు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బైట్‌బాబు

కోడ్‌లోనే ఫ్లష్ లోపల, డేటా డిస్క్‌కు చేరేదాకా ఆగే ఎఫ్‌సింక్ పెట్టేయండి. డాక్యుమెంట్‌లో ఉన్నదే నిజమైపోతుంది. ఒక్క లైన్ పని.

రాత్రిడ్యూటీ

పైన చెప్పిన పని మాత్రం చేయకండి. ఆ లైబ్రరీని ఇంకా ఏయే ప్రోగ్రాములు వాడుతున్నాయో చూడాలి కదా. తిరిగే హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120. ఒక్కో ఎఫ్‌సింక్ ఒక చుట్టు కోసం ఆగుతుందనుకున్నా సెకనుకు సుమారు వంద లైన్లే రాయగలరు. సెకనుకు వేల లైన్లు రాసి ఫ్లష్ చేసే ప్రోగ్రాం ఏదైనా ఉంటే తెల్లారేసరికి ఫోన్లు మోగుతాయి. కోల్డ్ స్టోరేజీలో సెకనుకు ఒక్కటే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అందుకని ఫ్లష్‌ను అలాగే ఉంచి, సింక్ అని వేరే ఫంక్షన్ ఇవ్వండి.

ఆ 27 ఎక్కడిదో కూడా చెప్తాను. లినక్స్‌లో ఫ్లష్ అయిన డేటా వెళ్లి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) పేజ్ క్యాష్‌లో, అంటే దాని మెమరీలో కూర్చుంటుంది. మామూలు సెట్టింగులో 30 సెకన్లు పాతబడిన డేటాను డిస్క్‌కు పంపడం మొదలుపెడుతుంది. మీ 27 రీడింగులూ ఆ లెక్కలోకే వస్తాయి. డిస్క్ మార్చినా అదే జరగడంలో ఆశ్చర్యం లేదు, డిస్క్ తప్పే లేదు.

కాటామనిషి

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు వే బ్రిడ్జి నేను చూసుకునేవాణ్ణి. లారీ కాటా ఎక్కుతుంది, బరువు వస్తుంది, స్లిప్పు ప్రింటవుతుంది, రికార్డు ఫైల్‌లోకి వెళ్తుంది. ధాన్యం సీజన్. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది. కంప్యూటర్ మళ్లీ లేచాక వచ్చిన లారీకి 1186 నంబరు స్లిప్పు ఇచ్చింది. పొద్దున్నే ఒక డ్రైవర్ 1186 స్లిప్పు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు! ప్రోగ్రాం తెరిచినప్పటి నుంచి వేసిన 18 లారీలు, 1186 నుంచి 1203 వరకు, ఫైల్‌లో లేనే లేవు.

యజమానికి మొదటి అనుమానం గుమస్తా మీద. రికార్డులు చెరిపేసి ధాన్యం పక్కదారి పట్టించాడని. ఆయన ముప్పై ఏళ్లుగా అదే మిల్లులో ఉన్న మనిషి. మూడు రోజులు అన్నం సహించలేదు ఆయనకు. చివరికి కార్బన్ కాపీలు, గేటు రిజిస్టరు పక్కపక్కన పెట్టి 18 లారీలూ తేల్చాం.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఒక్కో రికార్డు 220 బైట్లు. 18 రికార్డులు 3,960. బఫర్ 4,096. అది నిండలేదు కాబట్టి ఒక్క బైటు కూడా ప్రోగ్రాం గడప దాటలేదు. ఇంకొక్క లారీ ఎక్కి ఉంటే 4,180 అయ్యేది, బఫర్ నిండి కెర్నెల్ దాకా అయినా వెళ్లేది.

ఆ సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చిన పుస్తకంలో "రైట్ పిలిచిన వెంటనే ఫైల్ అప్‌డేట్ అవుతుంది" అని రాసి ఉంది. యజమాని ఆ వాక్యం చూపించే గుమస్తాను నిలదీశాడు. గోదారిగట్టు గారూ, మీ లీడ్‌కు ఈ సంగతి చెప్పండి. వాక్యం తీసేస్తే చాలదు.

సీల్యాబ్_మేడం

కాటామనిషి గారి లెక్క రేపే మా ల్యాబ్ బోర్డు మీద పెడతాను.

వాక్యాలు ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోతే ఈ పని తెమలదు. డాక్యుమెంట్ మొదట్లోనే మూడు చోట్లకు పేర్లు పెట్టండి. ఒకటి ప్రోగ్రాం లోపలి బఫర్. రెండు కెర్నెల్ పేజ్ క్యాష్. మూడు డిస్క్. ఆ తర్వాత ప్రతి ఫంక్షన్ కిందా ఒకే ప్రశ్నకు జవాబు రాయండి: ఇది సక్సెస్ అని తిరిగొచ్చేసరికి డేటా ఎక్కడుంది? రైట్ అయితే మొదటి చోట ఉండొచ్చు. ఫ్లష్ అయితే రెండో చోట. క్లోజ్ అయినా రెండో చోటే, ఇది చాలామంది పట్టించుకోరు. లినక్స్ మ్యాన్ పేజీలో, అంటే దానితో వచ్చే వివరణ పేజీలో, ఎఫ్‌క్లోజ్ కింద ఈ సంగతి ఉంది. సీ లైబ్రరీ బఫర్లు మాత్రమే ఖాళీ అవుతాయి, డిస్క్ దాకా చేరాలంటే సింక్ గానీ ఎఫ్‌సింక్ గానీ పిలవాలి అని.

ఇలా రాస్తే మిగతావి వాటంతటవే తేలతాయి. ప్రోగ్రాం కూలితే మొదటి చోట ఉన్నది పోతుంది. కరెంటు పోతే మొదటి రెండు చోట్లా ఉన్నది పోతుంది.

మా పిల్లలకు షేర్ ఆటోతో చెప్తాను. నిండితేగానీ కదలదు, అది ఫుల్ బఫరింగ్. ఫ్లష్ అంటే "నిండకపోయినా పోనీ అన్నా" అనడం. కానీ ఆటో దించేది బస్టాండ్‌లో. ఊరు చేరాలంటే ఇంకా బస్సు ఎక్కాలి.

పలాస_పప్పు

స్టాండర్డ్ ఎర్రర్‌కు సొంత బైక్ ఉంది మేడం. ఎవరి కోసమూ ఆగదు, మొదటి నుంచీ బఫర్ లేదు దానికి.

బైట్‌బాబు

ఆటోలు, బస్సులు క్లాసులో బాగుంటాయి. డాక్యుమెంట్‌లో పెడితే చదివేవాడు ఆటో గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. అక్కడ ఉన్నదున్నట్టు రాయాలి. ఎఫ్‌సింక్ విషయంలో రాత్రిడ్యూటీ మాటే సరి, మిగతా ప్రోగ్రాముల సంగతి నాకు తట్టలేదు.

సీల్యాబ్_మేడం

సరే, ఆటో క్లాసులోనే ఉంటుంది. మూడు చోట్లు మాత్రం డాక్యుమెంట్‌లో ఉండాలి.

డల్లాస్‌లో_తెనాలి

క్లోజ్ విఫలం కాదు అన్న వాక్యం ఫ్లష్ వాక్యం కంటే ప్రమాదం. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీ కింద ‘ఫుల్’ అనే పరికర ఫైలు ఉంటుంది. దానిలోకి ఎప్పుడు రాసినా డిస్క్‌లో చోటు లేదనే ఎర్రర్ ఇస్తుంది. ఇలాంటివి పరీక్షించడానికి భలే పనికొస్తుంది. ఇప్పుడే చేసి చూశాను. దాన్ని ఎఫ్‌ఓపెన్‌తో తెరిచి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో "నమస్తే" అని రాశాను. 18 తిరిగొచ్చింది, అంటే 18 బైట్లూ రాసేసినట్టే చెప్పింది. ఎఫ్‌క్లోజ్ పిలిస్తే మైనస్ 1. అంటే రాసేటప్పుడు అంతా బాగుందని చెప్పి, మూసేటప్పుడు నిజం చెప్పింది. ఆ మూసే ఫంక్షన్ జవాబు ఎవరూ చూడకపోతే, డిస్క్ నిండిన రోజు ఫైల్ సగమే ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం సేవ్ అయిందని చూపిస్తుంది.

గోదారిగట్టు

నేనూ చేశాను, అదే వచ్చింది. ఇంకో సంగతి బయటపడింది. మా లైబ్రరీలో క్లోజ్ ఫంక్షన్‌కు రిటర్న్ విలువే లేదు, లోపల ఎఫ్‌క్లోజ్ ఇచ్చిన జవాబును వదిలేస్తోంది. డాక్యుమెంట్ రాసినవాళ్లు కోడ్ చూసి, ఎర్రర్ రావడం లేదు కాబట్టి విఫలం కాదు అని రాసి ఉంటారు. కోడ్ కూడా మార్చాలి. లీడ్‌కు ఈ పరీక్ష చూపించాను, ఒక్క వాక్యం తీస్తే చాలన్న మాట వెనక్కి తీసుకున్నారు.

కర్నూలు_కుర్రోడు

ఇంత ఎందుకన్నా, మ్యాన్ పేజీ చూడండి అని ఒక్క ముక్క రాస్తే సరిపోదా? అందులో అన్నీ ఉన్నాయి కదా. మనం మళ్లీ రాస్తే మనం చేసే తప్పులు కొత్తగా చేరతాయి.

రాత్రిడ్యూటీ

సపోర్ట్‌లో కూర్చున్న అమ్మాయి రాత్రి రెండింటికి కస్టమర్ ఫోన్ ఎత్తినప్పుడు మ్యాన్ పేజీ తెరవదు తమ్ముడూ. ఆమె ముందు ఉండేది ఆ 11 పేజీలే. పైగా మ్యాన్ పేజీ చెప్పేది సీ లైబ్రరీ గురించి. ఆ పైన వీళ్లు తొడిగిన తొడుగు ఏం దాచిపెడుతుందో, ఇప్పుడు క్లోజ్ విషయంలో చూశాం కదా, అది వీళ్లే రాయాలి.

పలాస_పప్పు

8,192 సంగతి నేను చెప్తాను, దీని మీద ఒక వారం పోగొట్టుకున్నాను.

లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో బఫ్‌సిజ్ అనే స్థిరాంకం విలువ 8,192, నిజమే. కానీ మామూలు ఫైల్ తెరిచినప్పుడు బఫర్ ఎంత ఉండాలో ఫైల్ సిస్టమ్ చెప్పే బ్లాకు సైజును బట్టి తీసుకుంటుంది. నా ఉబుంటులో, ప్రోగ్రాం కెర్నెల్‌ను పిలిచే పిలుపులు చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే ప్రతి రైటూ 4,096 బైట్లు. కాటామనిషి గారి లెక్కలోనూ అదే సంఖ్య, చూడండి. కాబట్టి డాక్యుమెంట్‌లో ఏ సంఖ్యా రాయొద్దు. "సిస్టమ్‌ను బట్టి ఉంటుంది, దీని మీద ఆధారపడొద్దు" అనండి.

రెండోది, పెంచుకోవచ్చు అన్న మాట. బఫర్‌ను మార్చే ఫంక్షన్ సెట్‌వీబఫ్‌కు బఫర్ చోట నల్ (ఏమీ లేదు అని) ఇచ్చి, సైజు చోట 65,536 ఇచ్చి, పెరిగిందనుకుని ఊరుకున్నాను. గ్లిబ్‌సీ నల్ ఇచ్చినప్పుడు ఆ సైజును పట్టించుకోదు. ఎస్‌ట్రేస్‌లో మళ్లీ అదే 4,096. నిజంగా పెంచాలంటే మన బఫర్ మనమే ఇవ్వాలి. ఫైల్ తెరిచాక, ఇంకేమీ చదవకముందు, రాయకముందు ఇవ్వాలి.

మూడోది, అలా ఇచ్చిన బఫర్ ఫంక్షన్ లోపలి లోకల్ అర్రే అయితే కొంప మునుగుతుంది. ఫంక్షన్ అయిపోతుంది, అర్రే పోతుంది, ఫైల్ ఇంకా తెరిచే ఉంటుంది. మెయిన్‌లో పెట్టినా అంతే, ఎందుకంటే మెయిన్ అయిపోయాక గానీ స్టాండర్డ్ అవుట్‌పుట్ మూసుకోదు. సెట్‌బఫ్ మ్యాన్ పేజీలో ఇలాంటి ఉదాహరణే పెట్టి, ఇది చెల్లదు అని రాశారు. మీరూ అలాగే తప్పు ఉదాహరణ ఒకటి చూపించండి. ఒప్పు ఉదాహరణ కంటే అదే గుర్తుంటుంది.

కొత్తగా_చేరా

మధ్యలో అడుగుతున్నా, నా ప్రోగ్రాం టెర్మినల్‌లో నడిపితే లైన్లు వెంటనే కనిపిస్తాయి. డాకర్‌లో పెడితే చాలాసేపు ఏమీ రాదు, తర్వాత అన్నీ ఒకేసారి కుప్పగా వస్తాయి. ఇది కూడా ఈ బఫర్ గొడవేనా?

రాత్రిడ్యూటీ

అదే. స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తుంటే లైన్ బఫరింగ్, ఫైల్‌కో పైపుకో వెళ్తుంటే ఫుల్ బఫరింగ్. ప్రోగ్రాం మొదట్లో సెట్‌వీబఫ్‌తో లైన్ బఫరింగ్ పెట్టుకోండి. కోడ్ చేతిలో లేకపోతే బయటి నుంచే బఫరింగ్ మార్చే స్టడ్‌బఫ్ కమాండ్ ఉంది, కానీ స్టాటిక్‌గా లింక్ చేసిన ప్రోగ్రాముల మీద పని చేయదు. గోదారిగట్టు గారూ, ఈ తేడా మీ డాక్యుమెంట్‌లో ఉందా?

గోదారిగట్టు

లేదు. రాసుకున్నాను.

కర్నూలు_కుర్రోడు

దీనికే ఇంకోటి ఉంది. ప్రింట్‌ఎఫ్ చేసి ఫోర్క్ చేస్తే (ప్రాసెస్‌కు నకలు పుట్టిస్తే) టెర్మినల్‌లో ఒకసారి, ఫైల్‌లోకి మళ్లిస్తే రెండుసార్లు వస్తుంది. నిండని బఫర్ పిల్ల ప్రాసెస్‌కు కూడా కాపీ అవుతుంది, ఇద్దరూ బయటికి పోతూ పోతూ రాసేస్తారు. ఇంటర్వ్యూలో అడిగారు, చెప్పలేకపోయాను. ఇప్పుడు అర్థమైంది.

అనువాదిని

నేను సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదాలు చేస్తాను. మేడం గారి పోస్టులో "బఫర్లు ఖాళీ అవుతాయి" అన్నారు. ఫ్లష్‌కు చాలామంది అలాగే రాస్తారు, నేనూ రాశాను. ఈ చర్చ చదివాక అది దిద్దాల్సిందేనని అనిపిస్తోంది. ఖాళీ చేయడం అంటే చదివేవాళ్లకు పారబోయడం కూడా కావచ్చు. కుండ ఖాళీ చేశామంటే నీళ్లు తాగామో, పారబోశామో చెప్పలేదు.

కర్నూలు_కుర్రోడు

ఫ్లష్ అంటే మా ఇంట్లో వాళ్లకు గుర్తొచ్చేది ఒక్కటే. అక్కడ పోయింది తిరిగి రాదు.

అనువాదిని

అందుకే అంటున్నాను. నవ్వొచ్చినా అసలు చిక్కు అదే. అవుట్‌పుట్ స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ అంటే ఉన్నదాన్ని ముందుకు పంపడం. లినక్స్‌లో డిస్క్ ఫైల్‌ను చదివే స్ట్రీమ్ మీద అదే ఎఫ్‌ఫ్లష్ అంటే, తెచ్చిపెట్టుకుని ఇంకా వాడని డేటాను వదిలేయడం. ఒకే పేరుకు రెండు పనులు. "అప్పగించడం" అనే మాట వాడితే ఎలా ఉంటుంది? "ప్రోగ్రాం బఫర్‌లో ఉన్నది కెర్నెల్‌కు అప్పగిస్తుంది." అప్పగించాక బాధ్యత అవతలివాళ్లది, వాళ్లు ఎప్పుడు ఎక్కడ పెడతారో వాళ్లిష్టం. మూడు చోట్ల కథ ఆ ఒక్క క్రియలోనే ఉంది.

సీల్యాబ్_మేడం

అప్పగించడం చాలా బాగుంది. నా మాట నేనూ మార్చుకుంటాను.

ఇన్‌పుట్ మాట వచ్చింది కాబట్టి చెప్పి తీరాలి. మన కాలేజీల్లో టర్బో సీ రోజుల నుంచి ల్యాబ్ రికార్డుల్లో స్కాన్‌ఎఫ్ ముందు స్టాండర్డ్ ఇన్‌పుట్ మీద ఎఫ్‌ఫ్లష్ రాయిస్తూనే ఉన్నాం. సీ ప్రమాణంలో ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ ఏం చేయాలో నిర్వచనమే లేదు. లినక్స్ మ్యాన్ పేజీ చెప్పేది కూడా డిస్క్ ఫైళ్ల వంటి వాటికే, టెర్మినల్‌కూ పైపుకూ కాదు. అంటే పిల్లలు కీబోర్డు కోసం రాసే చోట దానికి భరోసా లేదు. మిగిలిన అక్షరాలను కొత్త లైన్ వచ్చేదాకా చదివి వదిలేయమని రెండేళ్లుగా చెప్తున్నాను. అయినా సీనియర్ల రికార్డు చూసి రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. తప్పు ఒకసారి కాగితం ఎక్కితే ఇరవై బ్యాచ్‌లు దాన్ని మోస్తాయి.

ఎఫ్‌ఈఓఎఫ్ లూపు కూడా అలాంటిదే. ఫైల్ అయిపోయిందా అని ముందు అడిగి తర్వాత చదవడం. చదవబోయి, ఏమీ దొరకనప్పుడే ఎఫ్‌ఈఓఎఫ్ అవునంటుంది, అంతకుముందు అనదు. అందుకే చివరి లైన్ రెండుసార్లు ప్రింటవుతుంది. చదివే ఫంక్షన్ జవాబునే లూపు షరతుగా పెట్టండి. లూపు ఆగాక, ఆగింది ఫైల్ అయిపోయి ఆగిందా, ఎర్రర్ వచ్చి ఆగిందా అని తెలుసుకోవడానికి ఎఫ్‌ఈఓఎఫ్, ఎఫ్‌ఎర్రర్ వాడండి. వాటి పని అదే.

కాటామనిషి

మా మిల్లు నెలవారీ రిపోర్టులో చివరి లారీ రెండుసార్లు వచ్చేది. ఇన్నేళ్లకు కారణం తెలిసింది మేడం.

అనువాదిని

చదివే ఫంక్షన్ గురించి ఒక తెలుగు సంగతి. "ఎఫ్‌గెట్స్ ఒక లైన్ చదువుతుంది" అని ఉంటే దిద్దండి. అది ఇచ్చిన సైజు కంటే ఒకటి తక్కువ బైట్ల దాకా చదువుతుంది, మధ్యలో కొత్త లైన్ వస్తే అక్కడ ఆగుతుంది. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటిది) ఒక్కోటీ మూడు బైట్లు. "తెలుగు" అన్న మాటకు ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. బఫర్ 128 అనుకోండి. 127 బైట్లు చదువుతుంది, అంటే 42 కోడ్ పాయింట్లు, పైన ఒక తెగిన బైటు. తెర మీద ఆ చోట ప్రశ్న గుర్తు.

నేను మొదట పరీక్షించింది 64తో. 63 మూడుతో భాగించబడుతుంది, అంతా చక్కగా వచ్చింది. 256తోనూ వచ్చింది, 255 కూడా మూడుతో పోతుంది. 128కి మార్చగానే విరిగింది. స్పేసులు, అంకెలు ఒక్కో బైటే కాబట్టి అసలు వాక్యాల్లో ఏ సైజులోనైనా విరగొచ్చు. ఫైల్ అయిపోకుండానే చివర కొత్త లైన్ లేకపోతే లైన్ ఇంకా పూర్తి కాలేదని, తర్వాతి ముక్కతో కలిపాకే అక్షరాలుగా చూడమని రాయండి.

బైట్‌బాబు

64, 256, 1024 అన్నీ తప్పించుకుంటాయి, 128, 512 దొరికిపోతాయి. ఇది నాకు భలే నచ్చింది. టెస్టుల్లో 128 పెడతాను ఇకనుంచి.

డల్లాస్‌లో_తెనాలి

కొత్త సింక్ ఫంక్షన్ రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముందు ఎఫ్‌ఫ్లష్, తర్వాత ఎఫ్‌సింక్. తిరగేస్తే, లేదా ఫ్లష్ మరిచిపోతే, ప్రోగ్రాం బఫర్‌లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది. ఎఫ్‌సింక్‌కు దాని సంగతే తెలియదు.

రెండోది, "విఫలమైతే మళ్లీ పిలవండి" అని డాక్యుమెంట్‌లో రాయొద్దు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు దీని మీద పెద్ద చర్చే చేశారు. లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమయ్యాక రెండోసారి పిలిస్తే సక్సెస్ రావొచ్చు, కానీ మొదట రాయలేకపోయిన డేటా పోయే ఉంటుంది. ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్‌నే ఆపి, లాగ్ నుంచి కోలుకునేలా మార్చుకుంది. మీరు విఫలమైందని పైకి చెప్పండి, ఏం చేయాలో పిలిచిన ప్రోగ్రాం చూసుకుంటుంది.

గోదారిగట్టు

రెండు రోజులు కూర్చున్నాను. మూడు చోట్లు మొదటి పేజీలోకి వచ్చాయి. 8,192 పోయింది. క్లోజ్ ఇప్పుడు విలువ తిరిగి ఇస్తుంది. ఫ్లష్, సింక్ భాగాలు ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"ఫ్లష్: ప్రోగ్రాం బఫర్‌లో ఉన్న డేటాను కెర్నెల్‌కు అప్పగిస్తుంది. 0 తిరిగొస్తే అప్పగింత పూర్తయినట్టు. ఆ తర్వాత ప్రోగ్రాం కూలినా డేటా పోదు. కానీ కరెంటు పోతే, లేదా మెషీన్ హఠాత్తుగా ఆగితే పోవచ్చు.

సింక్: ముందు ఫ్లష్ చేసి, తర్వాత డేటాను డిస్క్‌కు పంపమని కెర్నెల్‌ను అడిగి, పూర్తయ్యేదాకా ఆగుతుంది. నెమ్మది. కరెంటు పోయినా ఉండి తీరాల్సిన రికార్డుల దగ్గరే వాడండి. విఫలమైతే ఆ డేటా చేరలేదనే అనుకోండి, మళ్లీ పిలిచి సక్సెస్ వచ్చినా నమ్మకండి."

కాటామనిషి

బాగుంది. కానీ పాత వాక్యం ఎక్కడా లేదు. పాత ప్రింటు ఉన్నవాళ్లు పాతదే నమ్ముతారు. ఇదివరకు ఇలా ఉండేది, అది తప్పు అని రాయండి. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

బైట్‌బాబు

డాక్యుమెంట్ ఇప్పుడెలా ఉందో చెప్తే చాలు కదా. పాత తప్పుల చరిత్ర మార్పుల జాబితాలో పెట్టొచ్చు.

సీల్యాబ్_మేడం

మార్పుల జాబితా చదివేది మనలాంటివాళ్లం. గుమస్తాను నిలదీసిన యజమాని చదివింది ఫ్లష్ పేజీ. తప్పు ఏ పేజీలో చెప్పామో ఆ పేజీలోనే దిద్దాలి.

గోదారిగట్టు

మేడం మాటే చేస్తున్నాను. ఫ్లష్ కింద ఇది చేర్చాను: "ఈ డాక్యుమెంట్ పాత ప్రతుల్లో, ఫ్లష్ పూర్తయ్యాక డేటా డిస్క్‌లో భద్రంగా ఉంటుందని ఉండేది. అది తప్పు."

రాత్రిడ్యూటీ

సింక్ భాగంలో ఒక్కటి మిగిలింది. ఫైల్ కొత్తగా సృష్టించినదైతే ఎఫ్‌సింక్ ఫైల్ లోపలి డేటాను చేరుస్తుంది, కానీ డైరెక్టరీలో దాని పేరు కూడా చేరిందన్న భరోసా ఇవ్వదు. దానికి డైరెక్టరీని తెరిచి దాని మీద విడిగా ఎఫ్‌సింక్ పిలవాలి. మీ కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాం రోజుకో కొత్త లాగ్ ఫైల్ తెరుస్తుందా?

గోదారిగట్టు

తెరుస్తుంది, అర్ధరాత్రి 12కి. ఇది నాకు తట్టనే లేదు. కొత్త ఫైల్ తెరిచేటప్పుడు డైరెక్టరీ సింక్ కూడా చేస్తున్నాను, డాక్యుమెంట్‌లోనూ రాస్తున్నాను.

కోల్డ్ స్టోరేజీ వాళ్లకు జరిగింది రాసి పంపడానికి లీడ్ ఒప్పుకున్నారు. డిస్క్ డబ్బులు బిల్లులో తగ్గిస్తామన్నారు.

కాటామనిషి

తెలుగులో రాయండి. అక్కడ ఆ లాగ్ చూసేది ఆపరేటర్. మెషీన్ సరిగా చూసుకోలేదని ఆయన్ని ఎవరో ఒకరు అనే ఉంటారు.

గోదారిగట్టు

తెలుగులోనే రాశాను. మొదటి లైన్ ఇలా పెట్టాను: "మీ పాత డిస్క్‌లో ఏ తప్పూ లేదు, మీ ఆపరేటర్ తప్పూ లేదు. మా డాక్యుమెంట్‌లో ఉన్నది తప్పు." రేపు పొద్దున్న నేనే పట్టుకెళ్లి ఇస్తాను.